గంటా అయిదు నిమిషాల డాల్ఫిన్లు

అయిదింటికి లేవడం, ఆరింటికి గుమ్మం దాటడం, ఆరుంపావుకి బస్టాపు, ఆరున్నరకి బస్సు. గడియారం మాస్టారు ఈ నాలుగు ముక్కలూ కాగితం మీద రాసి, వంటింటి తలుపుకి అంటించి, కింద రెండు గీతలు కూడా గీశారు. ఆయనది వాచీలు బాగుచేసే షాపు. అసలు పేరేమిటో వీధిలో ఎవరికీ అక్కర్లేదు, అందరికీ గడియారం మాస్టారే. ఊళ్లో ఎవరి వాచీలో సెకను తేడా వచ్చినా ఆయనకి తిండి సయించదు. సొంత పని మీద ఎక్కడికైనా సమయానికి చేరుకోవడం మాత్రం ఆయన జాతకంలో లేదు.

కాగితంలోని బస్సు మామూలు బస్సు కాదు. ఒక గైడు సముద్రం ఒడ్డు పొడవునా తిప్పి, పక్షుల్నీ తాబేళ్లనీ చూపించి, చివరికి పడవ ఎక్కించి డాల్ఫిన్లు తిరిగే చోటికి తీసుకెళ్లే ఒక్కరోజు యాత్ర అది. మాస్టారి భార్య పోస్టాఫీసులో స్టాంపులు అమ్ముతుంది. పెళ్లయిన కొత్తలో డాల్ఫిన్ బొమ్మ ఉన్న స్టాంపు ఒకటి చేతికొస్తే, "ఇవి నిజంగా ఎగురుతుంటే చూడాలనుందండీ" అంది. "అదెంత పని, చూపిస్తాను" అన్నారు మాస్టారు. ఆ మాట అని ఇరవై నాలుగేళ్లయింది.

మధ్యలో మూడుసార్లు బయల్దేరకపోలేదు. మొదటిసారి రైల్వే స్టేషన్లో ఆగిపోయిన గడియారం కనిపిస్తే మాస్టారు నిచ్చెన ఎక్కారు. దిగేసరికి గడియారం నడుస్తోంది, రైలు మాత్రం లేదు. రెండోసారి రేవులో పడవ మనిషి చేతి వాచీ విప్పి కూర్చున్నారు, పడవ ఇంకెవరినో ఎక్కించుకుని వెళ్లిపోయింది. మూడోసారి ఇంటి గుమ్మం కూడా దాటలేదు. ఆ స్టాంపు ఇప్పటికీ ఆవిడ పర్సులో ఉంది.

నాలుగోసారి టికెట్లు తెచ్చి చేతిలో పెట్టినప్పుడు ఆవిడ దెప్పలేదు, సాధించలేదు. "ఈసారి కూడా తప్పిపోతే ఇక ఈ మాట నా నోట రాదులెండి" అంది, అంతే. తిడితే దులిపేసుకునే మనిషే గానీ, ఆ మెత్తటి మాటకి మాస్టారి గుండె గుభేలుమంది.

ఆ ఇంట్లో నడిచే గడియారం ఒక్కటే, హాల్లో గోడ గడియారం. మిగతావన్నీ షాపు నుంచి వచ్చిన రోగులు. తలో టైమూ చూపిస్తూ అల్మారా నిండా పడుంటాయి. ఫోనులో టైం చూడటం నిషేధం. "దానికి కీ ఇచ్చామా, నూనె వేశామా? దాని మాట నమ్మడమేంటి?" అనేది మాస్టారి వాదన. రోజూ పొద్దున్నే తన చేతి వాచీని కూడా గోడ గడియారంతోనే సరిపెట్టుకుంటారు.

ముందురోజు సాయంత్రం ఏం జరిగిందంటే, ముప్పై ఏళ్లు ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరైన అత్తగారు హాల్లోకి వచ్చి అటూ ఇటూ చూసింది. 'ఈ అల్లుడు టైంకి కదిలే రకం కాదు' అనుకుని, కుర్చీ వేసుకుని, గడియారం ముల్లు అరగంట ముందుకి తోసింది. కాసేపటికి భార్య వచ్చింది. 'ఈయన్ని నమ్ముకుంటే అయినట్టే' అనుకుని ఇంకో ఇరవై నిమిషాలు తోసింది. చివరికి మాస్టారే వచ్చారు. 'వీళ్లిద్దరూ సంచులు సర్దేసరికి తెల్లారుతుంది' అనుకుని, గడియారం ముందు లెంపలేసుకుని మరీ పావుగంట జరిపారు. ముగ్గురూ ఎవరి తెలివికి వాళ్లు మురిసిపోతూ నిద్రపోయారు, తెల్లారి హడావిడిలో ఆ సంగతే మరిచిపోయారు. మొత్తం మీద గంటా అయిదు నిమిషాలు.

ఇంత చేసినా పొద్దున ఆ గడియారం ప్రకారం కూడా ఆలస్యమే అయింది. సగం వీధి నడిచాక మాస్టారు పనిముట్ల పెట్టె కోసం వెనక్కి పరిగెత్తారు.

"డాల్ఫిన్లు వాచీలు పెట్టుకుంటాయా ఏమండీ?" అంది భార్య.

"ఎవరికి ఏ అవసరం వస్తుందో!"

"ఇంకా ఇంత చీకటిగా ఉందేంటి అల్లుడూ?" అంది అత్తగారు.

"మబ్బు అత్తయ్యా, మబ్బు. ముందు నడవండి, ఆరున్నర దాటిపోతోంది!"

ఫోన్లు చూసి తప్పు తెలుసుకునే దారి కూడా లేదు. ఉప్పుగాలి తగిలి పాడవుతాయని అత్తగారు రెండు ఫోన్లనీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్ని తువ్వాల్లో చుట్టి, ఎవరూ విప్పలేనట్టు ముడులు వేసి సంచి అడుగున పెట్టింది.

బస్టాపులో, పక్క రేకు మీద పక్షి బొమ్మ వేసిన చిన్న బస్సు ఆగి ఉంది. నిజానికి అది యాత్ర బస్సు కాదు. తీరం వెంట పక్షుల్నీ సముద్ర జీవుల్నీ ఏటా ఒకసారి లెక్కపెట్టే ఆఫీసు వాళ్లది. నెల క్రితమే ఉద్యోగంలో చేరిన ఒక ఆఫీసరమ్మ మెట్టు మీద నిలబడి, కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూస్తోంది. పెద్ద ఆఫీసు నుంచి ఒక నిపుణుడు అయిదుంముప్పావుకి ఇక్కడ ఎక్కుతారనీ, వయసు మళ్లిన మనిషనీ, చేతిలో చిన్న పెట్టె ఉంటుందనీ, ముక్కోపి కాబట్టి అనవసరంగా ప్రశ్నలు వెయ్యొద్దనీ ఆమెకి చెప్పి పంపారు.

"లేటయిపోయామా అమ్మా?" మాస్టారు రొప్పుతూ అడిగారు.

ఆఫీసరమ్మ ఆయన నెరిసిన జుట్టు చూసింది, చేతిలో పెట్టె చూసింది. "అయ్యో లేదు సార్, మీ కోసమే చూస్తున్నాం! ఎక్కండి. మరి వీళ్లు..."

"మా ఆవిడ, మా అత్తగారు. ముగ్గురం అని ముందే చెప్పాను కదా!"

ఆ గొంతు విన్నాక ఆఫీసరమ్మ గబగబా పక్కకి తప్పుకుంది. ముందు సీట్లు దులిపి మరీ కూర్చోబెట్టింది. వెనక సీట్లలో రిటైరైన పక్షి ప్రేమికులు నలుగురు నోళ్లు తెరిచి నిద్రపోతున్నారు. కావలసిన మనిషి రానే వచ్చాడు కాబట్టి డ్రైవరు బస్సు కదిలించాడు. అప్పుడు అసలు టైము అయిదున్నర. మాస్టారి వాచీలో ఆరూ ముప్పై అయిదు.

"ఎన్నాళ్లుగా చేస్తున్నారు సార్ ఈ పని?" అడగనే అడిగింది ఆఫీసరమ్మ.

"ముప్పై రెండేళ్లు. ఓపిక ఉండాలమ్మా. కన్ను పదునుగా ఉండాలి. తొందరపడితే మొదటికే మోసం."

ఆఫీసరమ్మ ఆ మూడు ముక్కలూ పుస్తకంలో రాసుకుంది. "ఎంత మర్యాదండీ ఈ యాత్ర వాళ్లకి!" అని భార్య మాస్టారి చెవిలో పొంగిపోయింది.

రోడ్డు సముద్రం పక్కకి తిరిగింది. ఎడమ పక్క కొండరాళ్లు, కుడి పక్క అప్పుడే వెలుగొస్తున్న నీళ్లు. అందరూ కిటికీల్లోంచి బయటికి చూస్తుంటే మాస్టారు మాత్రం డ్రైవరు ముందున్న చిన్న గడియారాన్ని చూశారు. అయిదూ యాభై చూపిస్తోంది. తన వాచీలో ఆరూ యాభై అయిదు. ఇక ఆయన సీట్లో కూర్చుంటే ఒట్టు.

"బాబూ, నీ గడియారం గంటా అయిదు నిమిషాలు వెనక పడింది."

"నిన్ననే పెట్టాను కద సార్!"

"పెట్టడం అందరూ పెడతారు. నిలబెట్టుకోవాలి." వంగి, మీట నొక్కి, ముందుకి తిప్పేశారు.

"నా వాచీలో కూడా అయిదూ యాభయ్యే సార్" అంది ఆఫీసరమ్మ భయంభయంగా.

"ఏదీ, ఇలా ఇవ్వు." కంటికి భూతద్దం బిగించి, వెనక మూత విప్పి చూశారు. "పాపం, బ్యాటరీ నీరసించింది." దాన్ని కూడా ముందుకి తిప్పి ఇచ్చారు. వెనక నిద్రలేచిన ఒక పెద్దాయన, "నా ఫోనులో కూడా..." అనబోయాడు. "సముద్రం పక్కన ఫోన్లు తప్పు చూపిస్తాయండీ" అని మాస్టారు ఒక్క మాటతో ఆయన నోరు మూయించారు. నిపుణుడే చెప్పాక ఇంకేముంది, ఆయన ఫోను జేబులో పెట్టుకుని మళ్లీ నిద్రలోకి జారాడు.

ఆఫీసరమ్మ తన వాచీ చూసుకుని హడలిపోయింది. ఎనిమిదింటికి రేవులో పడవ, అంతకుముందు రాళ్ల దగ్గర పక్షుల లెక్క. "డ్రైవర్ గారూ, పక్షులు తర్వాత! తిన్నగా రేవుకి పోనివ్వండి!" డ్రైవరు తొక్కిన కాలు ఎత్తకుండా తోలాడు. మలుపు తిరిగినప్పుడల్లా పక్షి ప్రేమికులు నలుగురూ నిద్రలోనే ఒకరి మీద ఒకరు పడి లేచారు.

దారిలో అత్తగారి సంచి గుర్రుమంది. ఆగి మళ్లీ గుర్రుమంది. అసలు యాత్ర గైడు, రావలసిన వాళ్లు అందరూ రాలేదని బస్టాపు నుంచి ఫోను చేస్తున్నాడు.

"సంచిలో తుమ్మెద దూరినట్టుందే!" అని అత్తగారు చెప్పు తీసి సంచిని నాలుగు బాదింది. గైడు ఫోను చేసినప్పుడల్లా దెబ్బలు పడుతూనే ఉన్నాయి.

రేవుకి చేరేసరికి పడవాయన ఇంకా ముఖం కడుక్కుంటున్నాడు. "ఎప్పుడూ లేంది ఇంత పొద్దున్నే వచ్చారేంటి?" అన్నాడు.

"పొద్దున్నేమిటి, ఎనిమిదవుతుంటేనూ!" అన్నారు మాస్టారు. పడవాయన సూర్యుణ్ణి చూశాడు, మాస్టారిని చూశాడు. పెద్దవాళ్లతో వాదన ఎందుకని తాడు విప్పాడు.

పడవ రాళ్ల మలుపు దాటాక పడవాయన మోటారు ఆపేశాడు. "ఇక మాట్లాడకండి" అన్నాడు. నీళ్లు నున్నగా ఉన్నాయి. ముందు ఒక నల్లటి వీపు తేలి మునిగింది. దాని పక్కన ఇంకోటి. తర్వాత ఉన్నట్టుండి సముద్రం అంతా వీపులే. ఒకటి నిలువునా గాల్లోకి లేచి, ఒళ్లంతా ఎండకి మెరిపించి, దబ్బున పడింది. ఆ నీళ్లు వచ్చి అందరి ముఖాల మీదా పడ్డాయి.

"అదిగో! అదిగదిగో! ఇటూ ఉన్నాయి, ఇటూ!" మాట్లాడొద్దన్న పడవాయనే అందరికంటే గట్టిగా అరిచాడు. పక్షి ప్రేమికులు నలుగురూ పక్షుల్ని మరిచిపోయి పసిపిల్లల్లా గెంతారు. "మెల్లిగా ఎగరవే తల్లీ, నడుం పట్టేస్తుంది!" అని అత్తగారు డాల్ఫిన్లకి జాగ్రత్తలు చెప్పింది. మాస్టారి భార్య మాత్రం అరవలేదు. పర్సులోంచి స్టాంపు తీసి పట్టుకుని, "ఏవండీ... ఏవండీ..." అంటూ ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఇరవై నాలుగేళ్ల బాకీ అలా నీళ్లలో ఎగురుతుంటే మాస్టారు కళ్లార్పకుండా చూశారు. సంతోషంతో కళ్లు తుడుచుకున్నారు.

"సార్, లెక్క! లెక్క!" ఆఫీసరమ్మ కేక పెట్టింది. ఒక చేత్తో ఫొటోలు తీస్తోంది, ఇంకో చేత్తో రిజిస్టరు పట్టుకుంది. పక్షి ప్రేమికులు ఒకరు పాతికన్నారు, ఒకరు అరవై అన్నారు, ఒకరు లెక్క తప్పి మొదటికొచ్చారు. ఇదేదో యాత్రవాళ్లు పెట్టే పోటీ అనుకున్నారు మాస్టారు. మరలు నింపిన డబ్బా షాపులో నేల మీద ఒలికితే, దొర్లడం ఆగేలోపు ఎన్నున్నాయో చెప్పగల మనిషి ఆయన. ఒక్కసారి అటునుంచి ఇటు చూశారు.

"నలభై."

"నలభై ఒకటి" అంది అత్తగారు. "ఆ పెద్దదాని పొట్ట చాటున పసిది ఉంది, చూడండి. పుట్టి వారం కూడా అయ్యుండదు."

ఆఫీసరమ్మ రిజిస్టరు తెరిచి చూసి ఆగిపోయింది. అంతకుముందు పదకొండేళ్లూ డాల్ఫిన్ల గడిలో సున్నాలే ఉన్నాయి.

"మీవాళ్లు ఏటా ఎనిమిది దాటాక వస్తారు" అన్నాడు పడవాయన. "ఇవి ఏడున్నరకే లోపలికి పోతాయి. నన్నెవరైనా అడిగితే కదా చెప్పడానికి! ఆ యాత్ర బస్సు మరీ ఎనిమిదిన్నర అవుతుంటే వస్తుంది. పాపం, నీళ్లు చూసి వెళ్తారు."

మన బస్సు గురించి వేరేగా చెబుతాడేంటని భార్యకి అప్పుడు లీలగా అనుమానం వచ్చింది. డాల్ఫిన్ ఇంకోటి ఎగిరింది, అనుమానం కాస్తా ఎగిరిపోయింది.

తిరిగి రేవుకి వచ్చేసరికి అక్కడ ఇంకో బస్సు ఆగి ఉంది. పచ్చ జెండా పట్టుకున్న గైడు ఫోను చెవికి ఆనించుకుని తిరుగుతున్నాడు. అతని వెనకే నెత్తి మీద పచ్చ కాగితం టోపీతో, చేతిలో చిన్న పెట్టెతో, ఒక పెద్దమనిషి అరికాలి మంట నెత్తికెక్కి నిలబడ్డాడు.

"ఏమ్మా, లెక్కల ఆఫీసు బస్సు నీదేనా?" అని గర్జించాడు. "అయిదుంముప్పావుకి రమ్మంటే అయిదుంముప్పావుకే వచ్చాను. బస్సు లేదు! దీని మీద కూడా పక్షి బొమ్మ చూసి ఎక్కితే, ఈ జెండా మనిషి నాకు టోపీ పెట్టి, నాచేత చప్పట్లు కొట్టించి, రెండు పాటలు పాడించాడు! ముప్పై ఏళ్ల సర్వీసమ్మా నాది!"

"మూడు పాటలు సార్" అన్నాడు గైడు వినయంగా. "చివరిది మీ అంతట మీరే అందుకున్నారు. నేను మిమ్మల్ని వాచీల షాపు ఆయనే అనుకున్నాను. మీ ఫ్యామిలీ ఏరీ అంటే కసిరారు. వాళ్ల కోసమే ఇంకా ఫోను చేస్తున్నాను."

"మరి ఈయనెవరు?" అన్నాడు నిపుణుడు. అందరూ మాస్టారి వైపు తిరిగారు.

మాస్టారి ముఖం పాలిపోయింది. "వాచీలు బాగుచేస్తానండీ" అన్నారు.

ఆఫీసరమ్మ అక్కడే ఉన్న తాళ్ల చుట్ట మీద కూలబడింది. నెలకే ఉద్యోగం ఊడిన మనిషి చూపు చూసింది. నిపుణుడు రిజిస్టరు లాక్కుని, నలభై ఒకటి అన్న అంకె చూసి మండిపడ్డాడు. "ఇక్కడ డాల్ఫిన్లే లేవు! పదకొండేళ్లుగా వచ్చిన లెక్కలన్నీ పెద్ద ఆఫీసులో నేనే చూశాను. వాచీల మెకానిక్కు లెక్కపెడితే రిజిస్టర్లో ఎక్కిస్తారా? కొట్టెయ్. సున్నా వెయ్!"

"వెయ్యడానికి వీల్లేదు."

ఆ మాట అన్నది మాస్టారి భార్య. ఇంట్లో కూడా ఎవరూ వినని గొంతు అది. "నేను చూశాను. ఇరవై నాలుగేళ్లు చూద్దాం చూద్దాం అనుకుని ఇవాళ చూశాను. నా కళ్లతో చూసింది మీరెలా సున్నా చేస్తారండీ? అమ్మాయి దగ్గర ఫొటోలున్నాయి. మీరే లెక్కపెట్టుకోండి."

ఆఫీసరమ్మ ఫోను తీసి ఇచ్చింది. నిపుణుడు కళ్లజోడు పైకి తోసుకుని, వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. చాలాసేపు పట్టింది.

"నలభై" అన్నాడు చివరికి, తగ్గిన గొంతుతో.

"పొట్ట పక్కన చూడు నాయనా" అంది అత్తగారు.

చూశాడు. నెత్తి మీద కాగితం టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "పిల్ల... తల్లితో సహా..." అన్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసూ ఎక్కడికి పోయిందో, కుర్రాడిలా కళ్లు మెరిశాయి. నలభై ఒకటి పక్కన తన సంతకం తనే పెట్టాడు. "ఎన్నింటికి కనిపించాయి?"

మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇది తనకి తెలిసిన విద్య. చేతి వాచీ తట్టి చూపిస్తూ, "సరిగ్గా ఎనిమిదీ పది" అన్నారు.

"ఎనిమిదీ పదేంటి? ఇప్పుడే కదా ఎనిమిదిన్నర! అవి కనిపించి గంటన్నరవుతోందని పడవాయన అంటున్నాడే!"

"ఇప్పుడు తొమ్మిదీ ముప్పై అయిదు" అన్నారు మాస్టారు. గైడు ఎనిమిదిన్నరే అన్నాడు. పడవాయన సూర్యుణ్ణి చూసి అదే అన్నాడు. "నేనప్పుడే చెప్పబోయాను" అని వెనక నుంచి పక్షి ప్రేమికుడు గొణిగాడు. ముప్పై రెండేళ్ల వృత్తిలో మాస్టారి వాచీ తప్పని మొదటిసారి ఊరంతా కలిసి చెప్పినట్టయింది. ఆయనకి తల తీసేసినట్టు ఉంది.

"అరగంట నేనే జరిపాను అల్లుడూ" అంది అత్తగారు, సముద్రం వైపు చూస్తూ.

"ఇరవై నిమిషాలు నేను" అంది భార్య.

మాస్టారు వాచీ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "పావుగంట నేను." కూడిక ఆయన నోటి నుంచి దానంతట అదే వచ్చింది. "గంటా అయిదు నిమిషాలు."

 అది వినగానే భార్య పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి ఆఫీసరమ్మ పక్కన తాళ్ల చుట్ట మీదే చతికిలబడింది. "మీరు టైంకి తీసుకొచ్చుంటే ఈసారి కూడా చూసేదాన్ని కాదండీ!" అంది. వచ్చే ఏడు కూడా ఈ ముగ్గురూ లెక్కకి రావాలని నిపుణుడే అడిగాడు. అత్తగారు సంచి ముడులు విప్పితే, గైడు చేసిన కాల్స్ ముప్పై ఏడు బయటపడ్డాయి. తుమ్మెద మాత్రం దొరకలేదు.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే, తప్పంతా తనదేనని అత్తగారికి మనసు కుదురుగా లేదు. ఎవరూ చూడకుండా కుర్చీ వేసుకుని గోడ గడియారాన్ని గంటా అయిదు నిమిషాలు వెనక్కి తిప్పింది. కాసేపటికి భార్య వచ్చి, పాపం ఆయన పరువు పోయిందనుకుని, గంటా అయిదు నిమిషాలు వెనక్కి తిప్పింది. చివరికి మాస్టారు వచ్చి, లెంపలేసుకుని, గంటా అయిదు నిమిషాలు వెనక్కి తిప్పారు.

మర్నాడు వాచీల షాపు రెండు గంటల పది నిమిషాలు ఆలస్యంగా తెరుచుకుంది. తాళం తీస్తూ మాస్టారు చేతి వాచీ చూసుకుని, సెకను కూడా తేడా లేకుండా వచ్చినందుకు తృప్తిపడ్డారు.